పదకొండు రూపాయల పది అణాల ఎనిమిది పైసలు

2019 అక్టోబరు 2న నంద్యాలలో ‘సైరా నరసింహారెడ్డి’ మొదటి రోజు ఆటకు వెళ్లాను. వెళ్లానంటే, మా చిన్నాయన లాక్కెళ్లాడు. మాది కోయిలకుంట్ల దగ్గర పల్లె. ఈస్టిండియా కంపెనీ మీద తిరగబడ్డ పాలెగాడు నరసింహారెడ్డిని ఉరి తీసిన జుర్రేరు ఒడ్డు మాకు సైకిల్ మీద పోయి వచ్చే దూరం. చిన్నప్పటి నుంచి వింటున్న పేరు అంత పెద్ద తెర మీద పడుతోందంటే మా ఊళ్లో ఇంటికొకరైనా బయల్దేరకుండా ఎలా ఉంటారు? హాలు బయట కటౌట్‌కు పాలు పోస్తున్నారు. లోపల కాగితం ముక్కలు ఎంత ఎగరేశారంటే, చిరంజీవి గుర్రం మీద వస్తుంటే మాకు గుర్రం కాళ్లు మాత్రమే కనిపించాయి.

ఇంటర్వెల్లో సమోసా పొట్లం నా చేతిలో పెట్టి చిన్నాయన అడిగాడు: “ఎట్లుందిరా మనోడి సినిమా?”

మనోడంటే ఎవరో నాకు వెంటనే తట్టలేదు. చిరంజీవా, నరసింహారెడ్డా? ‘మన’ అంటే ఊరా, జిల్లానా, కులమా, దేశమా? చిన్నాయన వాటిలో ఏదీ విడదీసి అడగలేదు. అన్నీ కలిపే అడిగాడు. నేనూ అన్నీ కలిపే “బాగుంది చిన్నాయనా” అన్నాను.

ఇంటికి చేరేసరికి మా ఊరి వాట్సాప్ గ్రూపు భగ్గుమంటోంది. తొలి స్వాతంత్ర్య సమరం 1857 కాదు, అంతకు పదేళ్ల ముందే మా రేనాడులో జరిగిందని ఒకరు. అలా అయితే కట్టబొమ్మన సంగతేంటి, ఆయన్ని 1799లోనే ఉరి తీశారు కదా అని ఇంకొకరు. ఈ గోలలో బెంగుళూరులో ఉద్యోగం చేసే కుర్రాడొకడు ఒక ముక్క రాశాడు: “నరసింహారెడ్డి తిరగబడింది దేశం కోసం కాదు, పింఛను కోసం.” పావుగంటలో వాణ్ణి గ్రూపులోంచి తీసేశారు.

వాడు చెప్పింది అబద్ధం కాదు. పూర్తిగా నిజమూ కాదు. ఆ రెంటికీ మధ్య ఉన్న జాగాలోనే చారిత్రక సినిమాల మీద మనం చేసే రచ్చ అంతా ఉందని నాకు ఆ రోజే అనిపించింది. అప్పటి నుంచి ఈ వ్యాసం రాయాలని వాయిదా వేస్తూ వస్తున్నాను. ముందే చెబుతున్నా, నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. బీకాం చదివి నలుగురి ఖాతాలు రాసుకుని బతికేవాణ్ణి. అందుకేనేమో ఈ కథలో నన్ను పట్టుకున్నది కత్తి కాదు, లెక్క.

ఆ లెక్క ఇది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారపోశాడు. దత్తమండలం అన్న పేరు అలా వచ్చింది. కలెక్టరుగా వచ్చిన మన్రో పాలెగాళ్ల చేతుల్లోంచి ఊళ్లు లాక్కుని, బదులుగా నెలకింత అని భరణం కట్టాడు. దాన్నే తవర్జీ అనేవాళ్లు. ఆ తవర్జీ అన్నదమ్ముల పంపకాల్లో చీలుతూ చీలుతూ నరసింహారెడ్డి వంతుకు వచ్చేసరికి నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు అయింది. తల్లివైపు తాత నొస్సం పాలెగాడు. ఆయనకు మగ సంతానం లేదని ఆయన తవర్జీని కంపెనీ ఏకంగా మింగేసింది. 1846లో నరసింహారెడ్డి తనకు రావలసిన డబ్బు తెమ్మని కోయిలకుంట్ల ఖజానాకు మనిషిని పంపితే, తాసీల్దారు తిట్టి, మీ దొరనే రమ్మను పో అని తిప్పి పంపాడు. జులైలో దొరే వచ్చాడు. వెంట వందల మంది. తాసీల్దారు తల తెగింది, ఖజానా ఖాళీ అయింది. పోయిన సొమ్ము 805 రూపాయల 10 అణాల 4 పైసలు. దోపిడీని కూడా పైసలతో సహా రాసిపెట్టుకున్న ప్రభుత్వం అది.

ఆ వందల మంది ఎవరన్నది అసలు సంగతి. వాళ్లలో చాలామంది కట్టుబడి బంట్రోతులు. ఊరి కాపలా కాసినందుకు తరతరాలుగా ఈనాము భూములు అనుభవిస్తున్నవాళ్లు. కంపెనీ ఆ ఈనాములు ఒక్కొక్కటే రద్దు చేస్తూ పోయింది. అంటే పైన ఒకడికి నెల భరణం పోయింది, కింద వందల మందికి చేను పోయింది. ఇద్దరి కోపం ఒకచోట కలిసింది. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ని ఉరి తీశారు. తలను మాత్రం 1877 దాకా, ముప్పై ఏళ్లపాటు, కోయిలకుంట్ల కోట బురుజుకు వేలాడదీసి ఉంచారు. ఒక తరం పుట్టి, పెరిగి, పెళ్లిళ్లు చేసుకునే దాకా ఆ తల అక్కడే ఉంది.

సినిమాను నడిపించింది ఈ తవర్జీ కాదు. కరువు, పన్నులు, తెల్లదొరల అరాచకం, వాటన్నిటి మీదా దేశం. 1857లో ఝాన్సీ లక్ష్మీబాయి తన సైనికులకు రేనాటి వీరుడి కథ చెబుతున్నట్టు మొదలుపెట్టారు. హాల్లో ఈలలు పడ్డాయి. నాకేమో మా ఊరి మనిషి గొప్పవాడని చెప్పడానికి ఝాన్సీ నుంచి సర్టిఫికెట్ ఎందుకు తెప్పించారా అనిపించింది.

మా జేజికి అప్పుడు ఎనభై ఆరో ఎనభై ఎనిమిదో. సినిమా చూసి వచ్చి గ్రూపు గొడవంతా ఆమెకు చెప్పాను, ఆ పదకొండు రూపాయల లెక్కతో సహా. పింఛను కోసమంటే చిన్నబుచ్చినట్టు కదా జేజీ అన్నాను. ఆమె వక్క నములుతూ నన్ను ఎగాదిగా చూసింది.

“నీకు జీతం నెల నెలా బ్యాంకులో పడుతుంది కాబట్టి నీకట్లుంది. వాయన సొమ్ము కోసరం మనిషిని పంపిస్తే, వాడెవడో కూలోని మాదిరి ఎల్లగొడితే? పదకొండయితేమి, పదకొండు వేలయితేమి?”

అరవై ఏళ్లుగా రేషన్ షాపు ముందూ, పింఛను ఇచ్చే పంచాయితీ ఆఫీసు ముందూ నిలబడిన మనిషి ఆమె. రావలసింది అడిగితే తిట్టించుకోవడమంటే ఏంటో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ కథను ఆమె అందుకున్నంత దగ్గరగా హాల్లో మేము ఐదారు వందల మందిమి అందుకోలేదు. మాకు అందనివ్వలేదు అనాలేమో. చారిత్రక సినిమాల మీద నా గొడవ ఇదే. లేని యుద్ధం కలిపితే నాకు అంత బాధ లేదు. ఉన్న కారణాన్ని తీసేసి, ఎక్కడికైనా అతికే ఒకే కారణం పెడితేనే బాధ. శాతవాహనుడికీ దేశమే, పాలెగాడికీ దేశమే, రాణికీ దేశమే. దేశం అన్న మాటకు ఈనాడు మనం చెప్పుకునే అర్థం వాళ్లెవరి కాలంలోనూ లేదు. మన మాట వాళ్ల నోట్లో పెట్టి, వాళ్ల మాట మింగేశాం.

మరి మనం, అంటే ప్రేక్షకులం, ఇలాంటి సినిమాల్లో దేనికి గొడవపడతాం? నేను చూసినంతలో కారణానికి ఎవరూ పడరు. పరువుకు పడతాం. ‘పద్మావత్’ షూటింగ్ మీద 2017 జనవరిలో జైపూర్లో దాడి జరిగింది. అప్పటికి సినిమా ఎవరూ చూడలేదు, చూడటానికి లేదు కూడా. అల్లావుద్దీన్ ఖిల్జీ చిత్తోడ్ ముట్టడి 1303లో. పద్మావతి కథ రాసిన జాయసీ కావ్యం 1540 నాటిది. మధ్యలో రెండు వందల ముప్పై ఏడేళ్లు. ఆ ఖాళీ గురించి అడగాల్సిన ప్రశ్నలు బోలెడు. రోడ్డెక్కినవాళ్లు అడిగింది మాత్రం మా రాణిని ఎలా చూపిస్తారన్నదే. మన దగ్గర అంత దూరం పోలేదు కానీ రోగం అదే. ఏ చారిత్రక సినిమా టీజర్ కింద చూసినా మొదటి పది కామెంట్లలో రాజుగారి కులం తేల్చేస్తున్నారు. ఆ రాజు చచ్చి ఏడెనిమిది వందల ఏళ్లయినా సరే.

ఇంకో రకం వాళ్లున్నారు, తప్పులు ఏరేవాళ్లు. కాకతీయుల సైనికుడి చేతికి వాచీ గుర్తు కనపడిందనీ, విందులో మిరపకాయ ఉందనీ. (మిరపకాయ పోర్చుగీసువాళ్లు తెచ్చిందే, వీళ్లన్నది నిజమే.) నాకు వీళ్లంటే ఇష్టమే, నేనూ అప్పుడప్పుడూ ఆ పని చేస్తాను. కానీ ఇలా ఏరడంలో ఒక మోసం ఉంది. మిరపకాయ పట్టుకున్నాక మిగతాదంతా సరిగ్గానే ఉందన్న భ్రమ వస్తుంది.

అసలు ఒక సినిమా ‘చరిత్రలాగా’ ఉందని మనం దేన్ని బట్టి అనుకుంటున్నాం? ఈ ప్రశ్న నాకు 2015 అక్టోబరులో ‘రుద్రమదేవి’ చూస్తుంటే వచ్చింది. అప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాను. పాత్రలన్నీ ‘ప్రభూ’, ‘మహారాజా’ అని మనకు అలవాటైన రాజుల భాష మాట్లాడుతుంటే హాలు నిశ్శబ్దంగా ఉంది. అల్లు అర్జున్ గజదొంగ గోన గన్నారెడ్డిగా వచ్చి ఇప్పటి తెలంగాణ యాసలో “గమ్మునుండవోయ్” అనగానే హాలు లేచి నిలబడింది. సినిమా అయ్యాక మెట్ల మీద ఒకాయన పక్కవాడితో అంటున్నాడు: “మస్తుంది గానీ, గా జమానాల గిట్ల మాట్లాడుతరా?” ఆయన మాట్లాడుతున్నదీ ఆ యాసే!

నిజానికి పదమూడో శతాబ్దంలో ‘అట్లా’ ఎంత మాట్లాడి ఉండరో, ‘ప్రభూ’ భాష కూడా అంతే మాట్లాడి ఉండరు. ఈ రాజుల భాష కాకతీయుల నుంచి వచ్చింది కాదు. నాటకాల నుంచి వచ్చింది. పరదా మీద కోట బొమ్మ, వెల్వెట్ అంగీ, అట్టకిరీటం, భుజం మీద గద పెట్టుకున్నట్టు నడక, ఇవన్నీ స్టేజీ మీద నుంచి మద్రాసు స్టూడియోలకు వెళ్లి, అక్కడి నుంచి మన తలకాయల్లోకి వచ్చాయి. కృష్ణదేవరాయలు అనగానే నా కళ్ల ముందుకొచ్చేది ఎన్టీ రామారావు. తిమ్మరుసు అంటే గుమ్మడి. 1962 నాటి ‘మహామంత్రి తిమ్మరుసు’ చూసి కళ్లు తుడుచుకోని పెద్దవాళ్లు మా ఇంట్లో లేరు. రాయలు తిమ్మరుసు కళ్లు పీకించాడన్న కథకు మూలం నూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడి రాత. చరిత్రకారులు దాని మీద ఇప్పటికీ తగువులాడుకుంటున్నారు. మా ఇంట్లో తగువేమీ లేదు, గుమ్మడి కళ్లు పోయాయి కాబట్టి తిమ్మరుసు కళ్లు పోయాయి. కొత్త సినిమా వచ్చినప్పుడు మనం దాన్ని చరిత్ర పక్కన పెట్టి చూడం. పాత సినిమా పక్కన పెట్టి చూస్తాం. పోలిక కుదిరితే ‘అచ్చం ఆ కాలంలోకి వెళ్లినట్టుంది’ అంటాం.

రుద్రమదేవి దగ్గర ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే ఆమె విషయంలో నిజమే సినిమాను మించి ఉంది. శాసనాల్లో ఆమె చాలాచోట్ల రుద్రదేవ మహారాజు. ఆడమనిషి అని తెలిసీ మగపేరుతో చెక్కారు. ఆ కాలంలో మోటుపల్లి రేవు గురించి రాసిన మార్కోపోలో ఆమెను పొగిడాడు. న్యాయంగా పాలిస్తోందన్నాడు. అయితే చనిపోయిన రాజుగారి భార్య అని రాసేశాడు. ఆమె గణపతిదేవుడి భార్య కాదు, కూతురు. అంటే ఆమె కాలపువాడే తప్పు రాశాడు. ఇక ఆమె చావు. 1296 దాకా పాలించిందని చాలాకాలం అనుకున్నారు. 1970ల్లో నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్లలో ఒక రాయి వెలుగులోకి వచ్చింది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారనీ, వాళ్ల పుణ్యం కోసం దేవుడికి భూమి ఇస్తున్నాననీ దాని మీద ఉంది. తేదీ 1289 నవంబరు 27కు సరిపోతుంది. ఆ దానం ఇచ్చింది రాజు కాదు, మంత్రి కాదు. పువ్వుల ముమ్మడి అనే ఒక బంటు.

నేను ఒక ఆదివారం బైక్ మీద చందుపట్ల వెళ్లి చూశాను. నిలువెత్తు కూడా లేని రాయి. దాని మీద గీతల్లో వేలు పెట్టి ఒక్క అక్షరమైనా పోల్చుకోవాలని ప్రయత్నించి ఓడిపోయాను. పక్కన గొర్రెలు మేపుకుంటున్న అబ్బాయి “గా రాయి కోసం హైదరాబాద్ నుంచి వచ్చిన్రా సార్?” అని నవ్వాడు. వయసు మళ్లిన రాణి యుద్ధంలో పోయిందనుకుంటారు, తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడి మీదికి వెళ్లి. ఆ చావుకు ఏడ్చి, ఉన్నదాంట్లో కొంత చేను రాసిచ్చిన బంటు ఒకడు. ఇంతకంటే మంచి ఆఖరి సీను ఎవరైనా రాయగలరా? సినిమా ఆమె పడుచుతనం దగ్గరే ఆగిపోయింది. హీరోయిన్ ముసలిదైతే టికెట్లు తెగవు కదా.

ఈలలు కొట్టించుకున్న గోన గన్నారెడ్డి కథా అంతే. ఆయన పేరు మీద, ఆయన దగ్గర పనిచేసిన విఠలుడు 1294లో రాయచూరు కోట కట్టించాడు. అక్కడ గోడలో సుమారు 41 అడుగుల పొడవున్న ఒకే రాయి మీద తెలుగు శాసనం ఉంది. పక్కనే ఆ రాయిని అక్కడికి ఎలా తెచ్చారో బొమ్మ చెక్కారు. బండికి కట్టిన దున్నపోతులు బారులు తీరి లాగుతున్నాయి, మనుషులు చక్రాల దగ్గర నిలబడి నెడుతున్నారు. ఏడు వందల ఏళ్ల కిందటివాళ్లు తమ చెమటను తామే షూట్ చేసి పెట్టుకున్నారు. గజదొంగ డైలాగులు వచ్చిన ఎంతమందికి ఈ గోడ ఉందని తెలుసు?

‘సినిమాను సినిమాలా చూడాలి’ అనే మిత్రులు ఇక్కడ అడ్డు తగులుతారని నాకు తెలుసు. వాళ్లకు జవాబు చెప్పే ముందు 2017 సంక్రాంతికి వద్దాం. ‘గౌతమీపుత్ర శాతకర్ణి’. బాలకృష్ణ నూరో సినిమా. క్రిష్ తీసిన విధానం నాకు చాలావరకు నచ్చింది. తల్లి పేరును ముందు పెట్టుకున్న రాజు అన్న విషయాన్ని ఊరికే వదిలేయకుండా కథకు ఆయువుపట్టు చేశాడు. కానీ ఆఖరి యుద్ధం గ్రీకు రాజు డెమిట్రియస్‌తో. డెమిట్రియస్ క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం మొదట్లోవాడు. శాతకర్ణి క్రీస్తు తర్వాతివాడు. ఇద్దరి మధ్యా సుమారు రెండున్నర శతాబ్దాలు. ఇది ఎలా పుట్టిందో ఊహించడం కష్టం కాదు. నాసిక్ గుహలో తల్లి గౌతమీ బాలశ్రీ వేయించిన ప్రాకృత శాసనం కొడుకును శక, యవన (అంటే గ్రీకు), పహ్లవులను మట్టుపెట్టినవాడంటుంది. యవనుడు కావాలి, పేరున్న యవనుడైతే ఇంకా బాగుంటుంది, దొరికాడు.

అదే శాసనం ఆయన్ని ‘తిసముదతోయపీతవాహన’ అంటుంది, మూడు సముద్రాల నీళ్లు తాగిన గుర్రాలు గలవాడని. శకుల్లో క్షహరాత వంశాన్ని మిగలకుండా చేసినవాడని అంటుంది. దానికి సాక్ష్యం మన చేతిలో పట్టుకు చూసుకునేలా ఉంది. 1906లో నాసిక్ దగ్గర జోగల్తంబిలో ఒక కుండలో పదమూడు వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి. అన్నీ క్షహరాత నహపాణుడివే. వాటిలో మూడింట రెండు వంతుల నాణేల మీద శాతకర్ణి తన ముద్ర తిరగ్గొట్టించాడు. ఓడిన రాజు మొహం మీద గెలిచినవాడి కొండ బొమ్మ. కొన్నింటి మీద ముద్ర పక్కకు జరిగి, కింద నహపాణుడి ముక్కూ గడ్డమూ ఇంకా కనిపిస్తుంటాయి. టంకశాలలో సుత్తి పట్టుకున్నవాడికి ఎన్ని వేల దెబ్బలో! గుర్రాలూ ఏనుగులూ ఏమీ అక్కర్లేకుండా ఒక రాజ్యం కూలిన సంగతి చూపించే సీను అది. అబద్ధపు గ్రీకువాడి కోసం దాన్ని వదులుకోవడం నాకైతే నష్టపు బేరంలా కనిపిస్తుంది.

ఆ శాసనంలోనే ఇంకో మాట ఉంది, ధర్మంగా వచ్చిన పన్నునే ఖర్చు పెట్టేవాడని. తమాషా ఏంటంటే, ఆ రాజు సినిమాకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ వినోదపు పన్ను మినహాయించాయి. అంతకుముందు ‘రుద్రమదేవి’కి తెలంగాణ ఇచ్చింది. నాకు మినహాయింపు మీద కోపం లేదు. కానీ మినహాయింపు ఎందుకిస్తారు? చరిత్రను జనానికి చెబుతున్నందుకు. సినిమా మొదట్లో తెల్ల అక్షరాలు ఏం చెబుతాయి? ఇందులో కల్పన ఉంది, ఎవరినీ ఉద్దేశించింది కాదు అని. పోస్టరేమో మరుగున పడిన మన చరిత్ర అంటుంది. ఎవరైనా తప్పు పట్టగానే ‘సినిమా కదండీ’ అంటారు. మా వృత్తిలో ఒకే సొమ్మును ఒక పుస్తకంలో ఆదాయమనీ ఇంకో పుస్తకంలో అప్పు అనీ రాస్తే దానికి వేరే పేరుంది.

ఆ లెక్కన ‘ఆర్‌ఆర్‌ఆర్‌’ నిజాయితీగా కల్పన. ఎప్పుడూ కలుసుకోని అల్లూరి సీతారామరాజునూ కొమరం భీమ్‌నూ కలిపితే ఎలా ఉంటుందో అని దర్శకుడు మొదటి నుంచీ చెప్పాడు. హాల్లో నేను కూడా అరిచాను, దాచుకోను. అయినా 2020లో భీమ్ టీజర్ వచ్చినప్పుడు తలమీద ముస్లిం టోపీ చూసి ఆదిలాబాద్ గోండులు అభ్యంతరం చెప్పడాన్ని మనలో చాలామంది ‘వీళ్లకు ఓపిక లేదు’ అని కొట్టిపారేశాం. వాళ్ల వైపు నుంచి చూడండి. కొమరం భీమ్ నిజాం సర్కారుతో కొట్లాడి 1940లో జోడేఘాట్ దగ్గర చనిపోయాడు. వాళ్లు ఆయన వర్ధంతిని ఇంగ్లీషు తారీఖున చేయరు, ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో చేస్తారు. మనకు ఆయన ఒక విగ్రహం, ఒక జిల్లా పేరు. వాళ్లకు ఇంట్లో పోయిన మనిషి. ఇంట్లో పోయినవాడి ఫొటోకు పక్కింటివాళ్లు వేరే బట్టలు తొడిగితే, అది కథ కోసమే, తర్వాత విప్పేస్తాం అంటే ఊరుకుంటామా?

డాలస్‌లో ఉండే మా చెల్లెలి కొడుకు ఆ సినిమా మూడుసార్లు చూశాడు. ఓ రోజు ఫోన్ చేసి “మామయ్యా, రామరాజు, భీమ్ తర్వాత కూడా ఫ్రెండ్స్‌గానే ఉన్నారా?” అని అడిగాడు. రామరాజు 1924 మే 7న కొయ్యూరులో చనిపోయాడనీ, ఆయన ఉన్నది మన్యంలోననీ, భీమ్ అడవికీ ఆ అడవికీ మధ్య వందల మైళ్లనీ చెప్పాను. చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు ఎత్తుకెళ్లిన కథ చెప్పాను. వాడు శ్రద్ధగా విని, “అయితే పులి?” అన్నాడు.

వాడికి పదకొండేళ్లు, వదిలేద్దాం. 2025లో ‘ఛావా’ అనే హిందీ సినిమా చూసిన జనం మధ్యప్రదేశ్‌లో బుర్హాన్‌పూర్ దగ్గర అసీర్‌గఢ్ కోట కింద చేలల్లో రాత్రిళ్లు టార్చిలైట్లు పట్టుకుని తవ్వారు. మొఘలులు దోచిన మరాఠాల బంగారం అక్కడుందని సినిమా చెప్పిందట! మెటల్ డిటెక్టర్లు కూడా తెచ్చుకున్నారు. వాళ్లలో పదకొండేళ్లవాళ్లు ఎంతమందో.

ఇక మిత్రుల పెద్ద వాదన. మన జంగం కథలూ బుర్రకథలూ ఏమైనా చరిత్రా, వాళ్లు కల్పించలేదా, సినిమావాళ్లు చేస్తేనే తప్పా అని. బలమైన ప్రశ్నే. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధం మనదాకా వచ్చింది పాటల్లోనే. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం విజయరామరాజు కక్ష, తర్వాత గుడారంలో దూరి ఆయన్ని పొడిచిన తాండ్ర పాపారాయుడు, అన్నీ జంగాలు ఊదరగొట్టి పాడినవే. పల్నాటి కథ అయితే ఇప్పటికీ ఏటా కార్తీక అమావాస్య నుంచి కారంపూడిలో పాడుతూనే ఉన్నారు. నాయకురాలు నాగమ్మ ఆ పాటల్లో ఎంత విషమో, తెర మీద 1947లో కన్నాంబ, 1966లో భానుమతి వేశాక అంత ఆకర్షణ అయింది.

తేడా నాకు ఒకటే కనిపిస్తుంది. మా ఊరికి వచ్చే కథకుడు నరసింహారెడ్డి పాట పాడుతుంటే, అరుగు మీద కూర్చున్న ముసలాయన “ఆడ కాదబ్బీ, ఈ పక్క గవి (గుహ)” అని ఆపేవాడట. కథకుడు సర్దుకునేవాడు. పక్క ఊళ్లో ఇంకోలా పాడేవాడు. అలా వంద కథలు బతికేవి, ఒకదాని అబద్ధాన్ని ఇంకోటి పట్టిచ్చేది. వందల కోట్ల సినిమాను ఎవరు ఆపుతారు? అది వచ్చాక మా ఊళ్లో పిల్లలకు మిగిలింది ఒక్కటే కథ. జుర్రేరు ఒడ్డుకు సెల్ఫీల కోసం వచ్చినవాళ్లు ఉరికంబం ఎక్కడని అడగడం లేదు, ‘ఆ సీను ఎక్కడ తీశారు’ అని అడుగుతున్నారు. అక్కడ ఏ సీనూ తీయలేదని చెబితే నిరాశపడి వెళ్తున్నారు.

ఆ తర్వాత సంక్రాంతి పండక్కో ఎప్పుడో సినిమా టీవీలో వచ్చింది. పిల్లలు, చిన్నాయన, అందరం హాల్లో చాపలు పరుచుకుని కూర్చున్నాం. జేజిని కుర్చీలో కూర్చోబెట్టి, ఇదిగో నీ నరసింహారెడ్డి అని చూపించాం. మొదటి పావుగంట బాగానే చూసింది. గుర్రాలు మొదలయ్యాక కునుకు తీసింది. మధ్యమధ్య ఫిరంగి మోతకు కళ్లు తెరిచి, చెంగుతో మొహం తుడుచుకుని మళ్లీ నిద్రపోయింది. సబ్బు ప్రకటన వచ్చినప్పుడు ఇల్లు నిశ్శబ్దమైంది. అప్పుడు లేచింది.

“అబ్బీ, వాయనకు తవర్జీ ఇచ్చినారా లేదా?”

“లేదు జేజీ.”

“ఇంగ ఇంతసేపు ఏం జేస్తాండారు వాళ్లు?” అని కర్ర అందుకుని లోపలికి పోయింది.

చిన్నాయన సౌండ్ పెంచాడు.